రెండున్నర గంటల భోజనం

రైసుమిల్లు వచ్చింది, ఆడవాళ్ళు రోకలి వదిలేశారు, ఒళ్ళు పెంచారు. ఈ కథ నేను ఎన్ని సభల్లో విన్నానో చెప్పలేను. చెప్పేది ఎప్పుడూ మగవాడే, అదీ కుర్చీలోంచి కదలకుండా. మొన్నామధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్ళాను. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి కూడా అదే ఎత్తుకున్నాడు. "మా నాయనమ్మ రోజూ వడ్లు దంచేది, తొంభై ఏళ్ళు రాయిలాగా బతికింది" అన్నాడు. వాళ్ళది బాగా మాగాణి ఉన్న కుటుంబమని నాకు తెలుసు. "అయ్యా, మీ నాయనమ్మగారు దంచారా, ఎవరిచేతన్నా దంచించారా?" అని అడిగాను. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఎగతాళికి అడగలేదు నేను. మా నెల్లూరు జిల్లాలో మాగాణి ఉన్న ఇంటి ఇల్లాలు రోకలి పట్టడం నేను చూడలేదు. దంచింది కూలికొచ్చిన ఆడవాళ్ళు. మిల్లు వచ్చాక లావెక్కింది ఇల్లాలు. పని పోయింది ఒకరికి, ఒళ్ళు వచ్చింది ఇంకొకరికి. ఇదెట్లా కుదురుతుందని ఆ పెద్దమనిషి ఎప్పుడూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, చాలాకాలం. నేను ఆలోచించకపోవడం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి రాబోయింది. కాబట్టి ఆ పిల్లల కోసం ఈ నాలుగు పేజీలు ఆయన తప్పు చూపించడానికంటే నా తప్పు చెప్పుకోవడానికే రాస్తున్నాను.

ఉద్యోగం

మద్రాసులో గృహవిజ్ఞానం చదివి వచ్చి, యాభైల చివర్లో గూడూరు దగ్గర ఒక బ్లాకులో ముఖ్యసేవికగా చేరాను. అంటే ఊళ్ళలో పనిచేసే గ్రామసేవికల మీద అజమాయిషీ. మహిళామండలి పెట్టించడం, పొగ రాని పొయ్యి కట్టించడం, మునగాకు వండి చూపించడం, బక్క పిల్లల పేర్లు రాసుకుని పాలపొడి ఇప్పించడం. నేను చదువుకున్నదీ, పైవాళ్ళు అడిగేదీ ఒకటే: ఎవరికి తిండి చాలడం లేదు? తిండి ఎక్కువైన మనిషికి మా రిజిస్టర్లో గడి లేదు. అట్లాంటి మనిషి ఉంటుందని ఆ రిజిస్టరు గీసినవాడికి తోచి ఉండదు.

ఆఫీసుకంతా ఒకటే జీపు. వ్యవసాయం ఆయనకు, పశువుల డాక్టరుకు, మా పై అధికారికి పోగా నాకు దక్కేది పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఆ మూడు గంటల్లో మూడు ఊళ్ళు. ఒంటిగంటకు డ్రైవరు హారన్ కొట్టేవాడు. నేను లేచి వచ్చేసేదాన్ని. ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం.

కామాక్షమ్మ

చిల్లకూరుకు అవతల ఒక ఊళ్ళో కామాక్షమ్మ అని మహిళామండలి అధ్యక్షురాలు. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. భర్తకు మాగాణి, దానితోపాటు కొత్తగా వేసిన నిమ్మతోట. మంచి మనిషి. మాటల పుట్ట. నన్ను "అమ్మణ్ణీ" అని పిలిచేది, నేను "అక్కా" అనేదాన్ని. మొదట చూసినప్పుడు కాస్త పుష్టిగా ఉండేది. మూడేళ్ళలో గడప దాటేటప్పుడు పక్కకు తిరిగి దాటే స్థితికి వచ్చింది.

బొడ్డు పక్కన నిమ్మకాయంత గడ్డ లేచిందని గూడూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకుపోయాను. పొట్ట కండరం చీలి పేగు బయటికి పొడుచుకొస్తోంది, హెర్నియా అంది డాక్టరమ్మ. ఆపరేషన్ చెయ్యాలి, కానీ ఇంత కొవ్వులో కుట్టు నిలబడదు, మత్తు ఇవ్వడమూ ప్రమాదమే, ముప్పై పౌన్లు తగ్గించి తీసుకురా అంది. ఈలోపల పేగు మెలిపడితే? "మెలిపడితే ఒక్క రోజు కూడా టైముండదు" అని నా మొహంలోకి చూసి చెప్పింది. ముప్పై పౌన్లు తగ్గించే పని నామీద పడింది. మా పై అధికారికి చెబితే పెద్దగా నవ్వాడు. "లావైతే ఏందమ్మా నష్టం? మన బ్లాకు బాగుపడుతోందనడానికి రుజువు గదా! ప్రదర్శనకు ఆమె ఫోటో తీయించండి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళముందు ఎముకల గూళ్ళు కనబడుతున్న జిల్లాలో లావు మనిషి ఆయనకు రోగిలాగా కనిపించలేదు.

నేనేం చేశానో వినండి. అన్నీ పుస్తకంలో రాసినట్టే చేశాను.

"ఏం తింటున్నావక్కా?"

"ఏం తింటానమ్మణ్ణీ, రెండు పూట్ల ఇంత కూడు. పొద్దున గ్లాసుడు కాఫీ. అంతే."

"అంతే తింటే ఇంత ఒళ్ళు ఎట్లా వచ్చింది? గాలి పీల్చి వచ్చిందా?"

"నా ఒళ్ళే అంత. నీకు పెళ్ళి కాలేదు గాబట్టి ఈనె పుల్లలాగుండావు. ఇద్దరు బిడ్డల్ని కనుకో, అప్పుడు మాట్లాడదాం."

నా నోట్సులో "నిజం చెప్పడం లేదు" అని రాసుకున్నాను. అన్నం సగం చెయ్యమన్నాను. కాఫీలో చక్కెర మానమన్నాను, అది మానేసింది కూడా. రోజూ రోడ్డు మీద మైలు నడవమన్నాను. ఒకరోజు నడిచింది. ట్రంకు రోడ్డు చేరేలోపల మూడు బండ్లు ఆగినాయట. "ఏమ్మా, మీ బండి ఇరిగిందా? ఎవురన్నా పొయ్యినారా?" అని అడిగారట. ఆ ఇంటి ఇల్లాలు పనిలేకుండా రోడ్డు మీద నడిస్తే చావు కబురన్నా అయ్యుండాలి, దివాలా అన్నా అయ్యుండాలి. సాయంత్రం మొగుడు అన్నం ముందు కూర్చుని "నా పరువు రోడ్డున నడిపిస్తుండావంట గదా" అన్నాడు. అక్కడితో నడక ఆగిపోయింది.

అన్నిటికంటే ఘోరం కాటా. ఊళ్ళో మనిషి బరువు చూసే మిషను లేదు. వాళ్ళ తోటలో నిమ్మకాయల బస్తాలు తూచే కాటా ఉంది. దానిమీద నిలబెట్టాను. కూలీలు చెట్ల మధ్య నుంచి చూస్తున్నారు. "ఇంకో రాయి తేరా, చాలలా" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కామాక్షమ్మ కాటా దిగి, కొంగు కప్పుకుని ఇంట్లోకి పోయింది. నెల రోజులు నాకు మొహం చూపించలేదు. నెల తర్వాత చూసేసరికి ఇంకా లావెక్కింది.

ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేసేది మాత్రం ఆ నవ్వు ఒక్కటే.

గిన్నె

అదే ఊరి చివర కూలీల వాడలో బక్క పిల్లల పేర్లు రాసుకుంటున్నాను. పెంచలమ్మ అనే ముసలామె మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. పిల్లవాడి చేతులు చూస్తే వేళ్ళతో చుట్టేయొచ్చు.

"ఎప్పట్నుంచి ఇట్లా ఉన్నాడు?"

"దంపుళ్ళు పొయ్యినకాడ్నించి" అంది. పెంచలమ్మ, ఆమె కోడలు, ఇంకో ఆమె, ముగ్గురూ కామాక్షమ్మ ఇంట్లో దంచేవాళ్ళట. మిల్లు పెట్టాక మాన్పించారు.

"కూలి పోయింది కదా పాపం" అన్నాను.

"కూలి ఏం కూలమ్మా, దోసెడు నూకలు. పొయ్యింది గిన్నె."

"ఏ గిన్నె?"

నేనేదో తెలివితక్కువ దాన్నైనట్టు చూసింది. "దంచినోళ్ళకు పొద్దుగూకే లోపల గిన్నె నిండా కూడు, దానిమీద పులుసు పోసి పంపిస్తారు గదా. ముగ్గురికి మూడు గిన్నెలు. నా గిన్నెలో నలుగురం తినేవోళ్ళం. ఈ నాబట్ట దాంతోనే నడక నేర్చినాడు."

పిల్లవాడి పేరు రాసుకున్నాను. జీపు ఎక్కాను. గూడూరు వచ్చేదాకా ఒకటే ప్రశ్న బుర్రలో తిరిగింది. మూడు గిన్నెల అన్నం రోజూ ఆ ఇంట్లోంచి బయటికి పోయేది. ఇప్పుడు పోవడం లేదు. మరి ఎక్కడికి పోతోంది?

రెండున్నర

మర్నాడు జీపు వద్దన్నాను. బస్సెక్కి, మిట్టమధ్యాహ్నం దిగి, ఎండలో నడిచి రెండు దాటాక కామాక్షమ్మ ఇంటి దొడ్డివైపు నుంచి వంటింట్లోకి వెళ్ళాను.

"ఇదేందమ్మణ్ణీ ఈ టయానికి! అన్నం తిన్నావా?"

"తిన్నాను. నువ్వు తిను, నీతో మాట్లాడాలి."

మగవాళ్ళు తిన్నారు, పిల్లలు తిన్నారు, పాలేర్లకు పెట్టింది, అత్తగారు శేషమ్మ తిని వసారాలో నడుం వాల్చింది. అప్పుడు కామాక్షమ్మ పీట వేసుకుంది. పిల్లవాడు వదిలేసిన కంచంలోనే అన్నం పెట్టుకుంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇంతే అన్నం, గరిటెడు పులుసు. "చూసినావా? ఇంతే గదా నేను తినేది" అంది గెలిచినట్టు.

తర్వాత కుండ దగ్గరికి లాక్కుంది. అందులో ఇంకా బోలెడు అన్నం. మజ్జిగ పోసింది, ఉప్పు వేసింది, కుండలోనే కలిపి, నాతో ఊరి సంగతులు చెబుతూ ముద్ద తర్వాత ముద్ద నోట్లో వేసుకుంది. నిమ్మకాయ ఊరగాయ నాకింది. పప్పుగిన్నె అడుగున నెయ్యి పేరుకుంటే నాలుగు మెతుకులు వేసి తుడిచింది. కుండ అడుగు కనబడేదాకా చెయ్యి ఆగలేదు.

"అక్కా, ఇది తిండి కాదా?"

"ఇది తిండేంది? కుండ ఖాళీ చేస్తుండా. కడగొద్దా?"

అబద్ధం చెప్పలేదు ఆమె. ఆమె దృష్టిలో కంచంలోది భోజనం, కుండలోది పని. నేను అడిగింది భోజనం గురించి, ఆమె చెప్పింది భోజనం గురించి. "నిజం చెప్పడం లేదు" అని రాసుకున్నదాన్ని నేను.

"రాత్రి మిగిలింది?"

"నీళ్ళు పోసి పెడతా. పాలేర్లు పొద్దున చద్ది తాగేవోళ్ళు. ఇప్పుడు రోడ్డు మీద హోటలు పెట్టినారు గదా, దొరలకు ఇడ్లీలు కావాలంట. ఆ చద్ది ఎవురో ఒకరు తాగాల గదా."

"గేదెకు పెట్టు."

"పెట్టి ఒక ఎనుమును చంపుకున్నాం. కూడు ఎక్కువై కడుపుబ్బి చచ్చింది. అప్పుడే చెప్పినాడు పశువుల డాక్టరు, కూడు పెట్టొద్దని."

ఎనుముకు ప్రమాదమని చెప్పడానికి మా ఆఫీసులో మనిషి ఉన్నాడు, జీపులో వచ్చి చెప్పిపోయాడు.

"అయితే తక్కువ వండు."

కామాక్షమ్మ వసారావైపు చూసి గొంతు తగ్గించింది. "బియ్యం కొలిచే పడి నా చేతిలో లేదమ్మణ్ణీ. మా అత్త చేతిలో ఉండాది."

పడి

బక్క పిల్లల ఇళ్ళలో పది గంటలకు వెళ్ళినా ఖాళీ కుండ కనబడుతుంది. తిండి ఎక్కువైన ఇంట్లో అది ఎక్కడికి పోతోందో తెలియాలంటే ఇల్లాలు తినేవేళకు అక్కడ ఉండాలి. మేం ఒంటిగంటకు జీపెక్కేవాళ్ళం. నేను అన్నేళ్ళు ఉద్యోగం చేసి, ఒక్క ఆడమనిషి అన్నం తినడం అప్పటిదాకా చూడలేదు. చూడకుండానే ఆహారం మీద ఉపన్యాసాలిచ్చాను. కొత్తగా చేరే మీకు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు.

శేషమ్మగారితో మాట్లాడటానికి వెళ్ళాను. ఆమె పూటకు రెండు పడుల బియ్యం కొలిచి ఇచ్చేది. దంపుళ్ళ ఆడవాళ్ళున్నప్పుడూ రెండే, లేనప్పుడూ రెండే.

"అవ్వా, తినే నోళ్ళు తగ్గినాయి. పడిన్నర పొయ్యరాదా?"

"ఏందమ్మాయ్, మా ఇంట్లో కూడుకు కరువొచ్చిందా? నా అత్త రెండు పడ్లు పోసింది, నేనూ రెండు పోస్తుండా. కొలత తగ్గించిన ఇల్లు మళ్ళీ పెరగదు. నా చేత్తో తగ్గించమంటావా?"

"నీ కోడలు ప్రాణం మీదికొచ్చింది."

"దాని వొళ్ళు దాని ఇష్టం. కూర్చోని తింటే వొళ్ళు రాక ఏం వస్తది? మిల్లొచ్చినాక ఆడోళ్ళకు పనుందా?"

చూశారా, సభలో పెద్దమనిషి చెప్పిన కథే. ఆమె కూడా రోకలి ముట్టిన మనిషి కాదు.

వాదించి లాభం లేదని తేలిపోయింది. నాలాంటిదానికి ఆ సంగతి తేలడానికి గంట పట్టింది. అప్పుడు అబద్ధం ఆడాను. "డాక్టరమ్మ మిల్లు బియ్యం వద్దంది. ఆపరేషన్ అయ్యేదాకా దంపుడు బియ్యమే తినాలంది" అన్నాను. డాక్టరమ్మ అట్లాంటి మాట అనలేదు.

ముసలామె మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలా? ఆ మిల్లు బియ్యంలో ఏముండాది, తెల్లగా పిండి తప్ప! మా వోడు నా మాట ఇంటేగా!" వెంటనే పాలేరును పిలిచింది. "పోరా, పెంచలమ్మను పిలువు. దాని కోడల్ని, ఆ ఇంకోదాన్ని గూడా."

మూలన పడేసిన రోకళ్ళు బయటికొచ్చాయి. వాటితోపాటు గిన్నెలూ వచ్చాయి. రెండు పడుల కొలత మారలేదు. సాయంత్రానికి మూడు గిన్నెల అన్నం గడప దాటి వాడకు పోయింది. ఇంట్లో మిగిలే అన్నం కుండ అడుక్కు దిగింది. పొద్దున చద్దిలో పెంచలమ్మ కోడలికీ వాటా. నడక సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు. కామాక్షమ్మే దారి కనిపెట్టింది: పొద్దున్నే కూలీలు రాకముందు నిమ్మతోటలో చెట్టు చెట్టూ చూసుకుంటూ తిరిగేది. చేతిలో బుట్ట ఉంటే అది పని. పనైతే ఎవరూ బండి ఇరిగిందా అని అడగరు.

అయిదు నెలల్లో ఇరవై మూడు పౌన్లు తగ్గింది. ఈసారి తూచింది డాక్టరమ్మ ఆస్పత్రిలో, తలుపు వేసి. ముప్పై కాకపోయినా చాలు, ఇంకా ఆగితే ప్రమాదమంది డాక్టరమ్మ. చలికాలంలో ఆపరేషన్ జరిగింది. మత్తు దిగుతుంటే కామాక్షమ్మ నన్ను చూసి మొదట అడిగింది, "అమ్మణ్ణీ, ఇంట్లో పొయ్యి ఎవురు రాజేసినారు?" అని. కుట్టు నిలబడింది. డాక్టరమ్మకు నా అబద్ధం చెప్పేశాను. "ఇంకేమేం చెప్పానట నేను?" అంది.

పెంచలమ్మ మనవడి చేతులు కాస్త నిండాయి. పాలపొడి పనిచేసిందని మా రిజిస్టర్లో రాసుకున్నారు. రాసుకోనిచ్చాను. అది కూడా తప్పే.

నాకు తెలిసిందీ తెలియనిదీ

ఒళ్ళు పెరగడానికి కారణమేమిటని అడిగితే ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పే మనిషిని నేను నమ్మను. కామాక్షమ్మ తగ్గింది గిన్నెలు బయటికి పోయినందువల్లా? దంపుడు బియ్యం నమిలి తినాల్సి వచ్చి తక్కువతోనే కడుపు నిండినందువల్లా? తోటలో తిరిగినందువల్లా? విడదీసి చూసే అవకాశం నాకు దొరకలేదు. కానీ ఆ పదేళ్ళలో నేను చూసినవి చూశాను. నడిచి పొలం పోయే ఆసామి సైకిలెక్కాడు. ఏతం పోయి ఇంజనొచ్చింది. వనస్పతి డబ్బా వచ్చింది, రెండు పూటలా కాఫీ వచ్చింది, బియ్యం తెల్లబడింది. చేసే పని తగ్గింది, వండే కొలత తగ్గలేదు. ఇంతకుముందు ఆ మిగులు పదిమంది కడుపుల్లోకి పోయేది, ఇప్పుడు గడప లోపలే తిరుగుతోంది. ఆ గడప లోపల చివరగా తినేది ఒక్క మనిషి. ఆమెను పట్టుకుని సోమరి అంటున్నాం. తెల్లవారుజామున లేచి పదిమందికి వండి, రుబ్బి, అందరూ తిన్నాక రెండున్నరకు కూర్చునే మనిషిని సోమరి అనడానికి మనకు నోరెట్లా వస్తుంది? నాకు వచ్చింది. అందుకే అడుగుతున్నాను.

ఇక్కడితో ఆపేస్తే మంచి కథ. కానీ జరిగింది అంతటితో అయిపోలేదు.

ఏడాదిన్నర తర్వాత నన్ను తడ వైపు వేశారు. అరవైల చివర్లో ఒకసారి ఆ ఊరు వెళ్ళాను, మధ్యాహ్నం రెండున్నరకే. శేషమ్మగారు పోయారు. పెంచలమ్మకు భుజం పడిపోయింది, ఆమె కోడలు నిమ్మకాయలు ఏరే పనికి పోతోంది, రోకళ్ళు మళ్ళీ మూలకు చేరాయి. పడి ఇప్పుడు కామాక్షమ్మ చేతిలో ఉంది. అయినా ఆమె మళ్ళీ గడప దగ్గర పక్కకు తిరిగి దాటుతోంది. కుట్టు పక్కన మళ్ళీ పొంగు కనబడుతోంది. ఇంకోసారి కొయ్యాలంటే ముందు తగ్గి రమ్మందట డాక్టరమ్మ, మొదటిసారి చెప్పినట్టే.

నాకు ఒళ్ళు మండింది. "అత్త ఉన్నప్పుడంటే అత్త. ఇప్పుడు పడి నీ చేతిలోనే ఉంది. ఎన్ని పోస్తున్నావు?"

"రెండు."

"ఎందుకు? చావడానికా?"

ఎప్పుడూ మాటకు మాట చెప్పే మనిషి, ఆరోజు కుండ మూత తీసి పక్కన పెట్టింది.

"నువ్వు నేను లావైనాక వచ్చినావమ్మణ్ణీ. నేను పద్నాలుగేండ్లకు ఈ ఇంటికొచ్చినా. అప్పుడు ముందు మొగోళ్ళు, ఆ తర్వాత పిలకాయలు, పాలేర్లు, అత్త, ఆడబిడ్డలు. చుట్టాలొస్తే చుట్టాలు. దంపుళ్ళోళ్ళ గిన్నెలు నేనే నింపేదాన్ని, నా చేత్తో. అన్నీ నింపినాక కుండలో చెయ్యి పెడితే అడుగు తగిలేది. గంజి తాగి పండుకునేదాన్ని. ఎవురితోనూ చెప్పలా. పడిన్నర పోసి చూసినా ఒకరోజు, నువ్వు చెప్పినావు గదాని. అందరూ తిన్నారు, నాకూ చాలింది. అయినా అడుగు కనబడే ఆ కుండ చూస్తే భయమేసింది."

గిన్నెలు బయటికి పంపించి ఆమెను బాగుచేశానని నేను మురిసిపోయిన ఆ అయిదు నెలలూ, ఆమె ఆ భయంతోనే పీట మీద కూర్చుని ఉంటుంది. నేను పక్కనే ఉండి కూడా చూడలేదు.

అంతలో ఆమె పదేళ్ళ కూతురు బడి నుంచి వచ్చింది. పిల్ల బొద్దుగా ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క పూట పస్తు ఎరుగదు. అన్నం అడగలేదు, కంచం పెట్టుకోలేదు. నేరుగా వచ్చి తల్లి పక్కన చతికిలబడి కుండలో చెయ్యి పెట్టింది. కుండ అడుగు కనబడేదాకా ఇద్దరూ కలిసి తిన్నారు.

తల్లి ఎందుకు తింటోందో నాకు ఆరోజు తెలిసింది. ఆకలంటే ఏమిటో తెలియని ఆ పిల్ల చేతికి అది ఎట్లా వచ్చింది?